పదహారు గజాల తాడు

తాతయ్య నడక చూస్తే కొత్తవాళ్ళు ఆయనదేదో పోయింది, వెతుక్కుంటున్నాడు అనుకుంటారు. తల వంచుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కో అంగా లెక్కపెట్టుకుంటూ పోతాడు. ఇంటి గుమ్మం నుంచి నూలుమిల్లు గేటుకి మూడువందల పది అంగలు. మంచం నుంచి నీళ్ళకుండకి ఏడు, కోపంగా ఉన్నరోజు ఐదు. అమ్మమ్మని మొదటిసారి మిల్లు క్యాంటీన్లో చూసినప్పుడు కూడా, తలుపు నుంచి ఆవిడ కూర్చున్న బల్లకి పద్నాలుగు అంగలని తేల్చుకున్నాడే తప్ప, ఆవిడ ముక్కు వంకరో తిన్ననో చూళ్ళేదు.

"నా మొహం చూడ్డానికి పదిహేనో అంగ వెయ్యాల్సొచ్చింది," అని అమ్మమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతుంది. "అది వెయ్యడానికి ఈయనకి రెండేళ్ళు పట్టింది."

ఈ లెక్కల పిచ్చి గ్రౌండు దగ్గర అంటుకుంది. మిల్లుకో హాకీ జట్టుంది. జట్టుకో గడ్డి గ్రౌండుంది. ఆ గ్రౌండు మీద సున్నం గీతలు గీసేది తాతయ్య. మిల్లులో నూలు కండెలు చుట్టే మిషను దగ్గర ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, దండ వేయించుకుని ఇంటికొచ్చాడు కానీ, గీతల పని మాత్రం వదల్లేదు. మిషను ఎవరైనా నడుపుతారు, గీత గీయడం అందరివల్లా కాదు అని ఆయన నమ్మకం. ఇంట్లో ఆయన మాట వినేవాళ్ళు లేరు. మిల్లులో ఆయన్ని గుర్తుపట్టే మేనేజర్లు లేరు. ఆదివారం ఉదయం మాత్రం ఇరవై రెండు మంది మగవాళ్ళు ఆయన గీసిన గీతకి కట్టుబడి పరిగెత్తేవాళ్ళు. ఆ ఒక్క సంగతి తల్చుకునే వారంలో మిగతా ఆరు రోజులూ మీసం దువ్వుకునేవాడు.

అన్ని గీతల్లోకీ ఆయనకి ముద్దొచ్చేది 'డి'. గోలు ముందు అర్ధచంద్రంలా ఉంటుంది. ఆ గీత లోపల కొట్టిన బంతి గోల్లోకి వెళ్తేనే గోలు. గీత బయటినుంచి కొట్టింది ఎంత ముచ్చటగా వలలో పడినా లెక్కలోకి రాదు. గోలుస్తంభం నుంచి ఆ గీతకి పదహారు గజాలుండాలి. దానికి తాతయ్య దగ్గర ఒక నీలంరంగు నైలాను తాడుంది. ఒక చివర ఉచ్చు, ఇంకో చివర ముడి. స్తంభం పక్కన ఇనప మేకు దిగ్గొట్టి, ఉచ్చు దానికి తగిలించి, ముడి పట్టుకుని తాడు బిగలాగి, అడుగున చిల్లులున్న డబ్బాతో సున్నం రాలుస్తూ వంపుగా నడిచేవాడు. టేపులూ గీపులూ ఆయనకి గిట్టవు. "టేపు మీద అంకెలు చెరిగిపోతాయి. తాడు మీద చెరగడానికేముంది?" అనేవాడు.

ఆ తాడుకి ఇద్దరు యజమానులు. శనివారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా తాతయ్యది. మిగతా రోజులు అమ్మమ్మది. పెళ్ళయిన కొత్తలోనే కుదిరిన ఒప్పందం అది. పెరట్లో అవతలి చివరున్న ఇనపస్తంభం కొక్కేనికి ముడి ఇరికించి, ఉచ్చు ఇంటి పక్కగోడ మేకుకి తగిలించి బట్టలు ఆరేసేది. దుప్పట్లు, బొంతలు, సీజన్లో అయితే ప్రతి సోమవారం జట్టు జెర్సీలు పదహారు. జట్టు బట్టలు ఉతికేది కూడా ఆవిడే.

"ఏమండీ, తాడు మళ్ళీ జారింది. దుప్పటి నేల నాకుతోంది," అని నాలుగైదేళ్ళకోసారి అనేది.

"తాడు జారలేదే. నీ దుప్పట్లు సాగాయి. వయసొస్తే గుడ్డయినా సాగుతుంది."

"గుడ్డ సంగతేమో కానీ నాలుక బాగానే సాగింది," అని ఆవిడే సుత్తి తెచ్చి, పక్కగోడకి ఇంకాస్త అవతలగా కొత్త మేకు కొట్టుకునేది. తాతయ్య ఆ టకటక చప్పుడు వింటూ పేపర్లో హాకీ వార్తలు చదువుకునేవాడు.

ఆ ఏడాది జట్టు ఆట చూస్తే పిచ్చెక్కేది. సొంత గ్రౌండులో పులులు. బయటికెళ్తే తడిసిన పిల్లులు. ఇక్కడ ఐదు గోల్సు కొట్టి ఓడించిన జట్టు చేతిలోనే, రెండు వారాలు తిరక్కుండా అక్కడ సున్నా చుట్టించుకుని వచ్చారు. ఇక్కడ ఏడు ఆడి ఏడూ గెలిచారు. బయట ఏడు ఆడి ఆరు ఓడారు. గెలిచిన ఆ ఒక్కటీ, డి లోపల తోపులాటలో మనవాడు తోసిన బంతి అవతలివాళ్ళ కాలికి తగిలి వాళ్ళ గోల్లోకే పోబట్టి గెలిచారు.

మిల్లులో ఎవరి నోట విన్నా కారణాలే. బస్సు కుదుపులకి నడుములు పడుతున్నాయన్నారు. గోల్‌కీపరుకి పరాయి నీళ్ళు పడవన్నారు. ఈ గోల్‌కీపరు మిల్లు క్యాంటీన్లో వంటవాడు, మనిషి భారీగా ఉంటాడు కాబట్టి పేరు బీరువా. గోల్సు కొట్టే కుర్రాణ్ణి తుపాకి అంటారు, పగలంతా గోడౌన్లో పెట్టెలు మోస్తాడు. వాడిది ఒకటే కారణం. "బయటి అంపైర్లకి మనమంటే కడుపుమంట. కొట్టిన ప్రతిదీ డి బయట అంటున్నారు. కళ్ళు కనపడవో, కావాలనే చేస్తున్నారో."

అందరికంటే గట్టిగా తిట్టేది తాతయ్య. బయటి మ్యాచికి ఒక్కదానికీ వెళ్ళకుండానే తిట్టేవాడు. గ్రౌండుకి నీళ్ళు పెట్టాలని వంక చెప్పి ఊరు దాటేవాడు కాదు. "మన గీతల మీద ఆడినంత సేపూ ఆడతార్రా మీరు. పరాయి గీత కనపడితే కాళ్ళు వణుకుతాయి. పిరికిపందలు!"

పడుతూ లేస్తూ ఎలాగో సెమీఫైనల్‌కి వచ్చారు. ఒకటే మ్యాచి, ఓడితే ఇంటికే. అదీ రేవు జట్టు గ్రౌండులో. మ్యాచి ఆరు రోజులుందనగా డ్రిల్లు మాస్టారు పెరట్లోకి వచ్చాడు. ఆయన బడిలో పిల్లలకి డ్రిల్లు చెప్పి, సాయంత్రాలు జట్టుకి కోచింగ్ ఇస్తాడు. తాడు మీద తడి జెర్సీలు బారులు తీరి ఉన్నాయి. బీరువా జెర్సీ కింద నుంచి వంగి వస్తుంటే, చల్లగా మెడలో నీళ్ళు కారాయి.

"పెద్దాయన గారూ, మీరు బస్సెక్కాలి," అన్నాడు మెడ తుడుచుకుంటూ.

"నేనెందుకు? నాకు కర్ర పట్టడం రాదు."

"అదే బంతి, అవే కర్రలు, అదే బీరువా. ఇక్కడ గెలుస్తున్నాం, అక్కడ ఓడుతున్నాం. తేడా ఏంటని రాత్రీ పగలూ ఆలోచించాను. ఇక్కడ మీరున్నారు, అక్కడ లేరు. అంతే తేడా. మా అదృష్టం మీరే."

తాతయ్య ఛాతీ రెండంగుళాలు పొంగింది. అమ్మమ్మ బకెట్ లోంచి దుప్పటి పిండుతూ ఒక్కసారి పైకి చూసింది.

"ఈయన అదృష్టమైతే నా నడుము ఇలా ఉండేదా మాస్టారూ? సరే తీసుకెళ్ళండి. ఆ ఒక్కరోజు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది."

బస్సులో తాతయ్యకి కిటికీ పక్క సీటిచ్చారు. దారిపొడుగునా ఎక్కినవాడూ దిగినవాడూ ఆయన భుజం ముట్టుకుని వెళ్ళారు. ఆయన కూడా నిజంగానే తానొక మహిమ గల వస్తువైనట్టు కదలకుండా కూర్చున్నాడు.

ఆట మొదలైన ఎనిమిదో నిమిషంలోనే తుపాకి బంతి పట్టుకుని దూసుకెళ్ళి కొట్టాడు. వల అదిరింది. తాతయ్య గాల్లోకి ఎగిరాడు. అంపైరు చెయ్యి అడ్డంగా ఊపాడు. డి బయట.

"కళ్ళద్దాలు మార్చుకోవయ్యా!" అని అరిచాడు తాతయ్య. పక్కనున్న రేవు మనుషులు గుర్రుగా చూశారు.

ఇరవయ్యో నిమిషంలో అదే చోట, అదే దెబ్బ. మళ్ళీ డి బయట. ఈసారి తాతయ్య అరవలేదు. కళ్ళు చికిలించి చూశాడు. తుపాకి నిలబడిన చోటు, గీత, మధ్యలో గడ్డి. గడ్డి ఉంది. నిజంగానే ఉంది. తుపాకి ఎప్పుడూ కొట్టే దూరమే అది, ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు. అంటే గీతే తప్పు చోటుంది!

రేవు జట్టు ఒక గోలు కొట్టి ముందంజలో ఉండగా సగం ఆట అయింది. తాతయ్య గోలుస్తంభం దగ్గరికి దిగి, తల వంచుకుని అంగలు లెక్కపెట్టాడు. పద్దెనిమిది. వెనక్కొచ్చి మళ్ళీ లెక్కపెట్టాడు. పద్దెనిమిది. సొంత గ్రౌండులో ఇదే దూరం ఇరవై అంగలు. గ్రౌండు చివర స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్న లావుపాటి మనిషి దగ్గరికి దూకుడుగా వెళ్ళాడు. ఆ గ్రౌండు చూసుకునే ఆయన అతనే.

"ఏమయ్యా, సిగ్గులేదూ? రెండంగల డి మింగేశారా? ముప్పై ఏళ్ళుగా గీతలు గీస్తున్నాను. నా కళ్ళు కప్పుదామనా?"

లావుపాటి మనిషి నిమ్మళంగా టీ గుటక మింగాడు. "కూర్చో అన్నా. గీత కొలిచి చూసుకుందాం, కొట్టుకోవడమెందుకు?" జేబులోంచి ఇనప టేపు తీసి, ఒక చివర తాతయ్య చేతికే ఇచ్చి స్తంభం దగ్గర పట్టుకోమన్నాడు. గీత దాకా లాగాడు. పదహారు గజాలు. వెంట్రుకవాసి తేడా లేదు.

"మరి నీ దగ్గరెంత?" అన్నాడు.

"ఇరవై అంగలు," అన్నాడు తాతయ్య.

"అంటే దాదాపు పద్దెనిమిది గజాలు. అది డి కాదన్నా, సగం గ్రౌండు. దేంతో కొలుస్తావు?"

"తాడుతో."

"ఏం తాడు?"

"నైలాను. గట్టిది."

"నైలాను గట్టిదే. తడి బరువు వేలాడితే మాత్రం సాగుతుంది. నువ్వు దాని మీద ఏమీ వేలాడదీయవుగా?"

తాతయ్య చేతిలోని టేపు చివర వదిలేశాడు.

"మా ఆవిడ బట్టలు ఆరేస్తుంది."

లావుపాటి మనిషి గ్లాసు కింద పెట్టేశాడు. నవ్వాలని ఉన్నా నవ్వలేదు. అది మాత్రం మర్యాద.

తాతయ్యకి అంతా ఒక్కసారి అర్థమైంది. బంతి మీద కళ్ళున్నవాడికి గీత కాళ్ళతోనే తెలుస్తుంది. మనవాళ్ళ కాళ్ళకి ఆయన గీసిన పొడుగు డి అలవాటైపోయింది. మన గ్రౌండుకి వచ్చినవాళ్ళు పాపం తమకి అలవాటైన చోటిదాకా బంతిని మోసుకుపోతుంటే, మనవాళ్ళు రెండంగల ముందే కొట్టేసి గెలిచేవాళ్ళు. బయట అదే చోటినుంచి కొట్టి ఓడిపోయేవాళ్ళు. ఏడు గెలుపులూ ఆ తాడువే. ఆరు ఓటములూ ఆ తాడువే. పిరికిపందలని తిట్టింది మాత్రం ఈయన.

విజిలు మోగింది. మాస్టారి దగ్గరికెళ్ళి చెప్పాలి. చెప్తే ఏమవుతుంది? గీతలాయనకి గీతే రాదని మిల్లంతా తెలుస్తుంది. డబ్బా లాక్కుంటారు. ఆదివారం కూడా సోమవారంలా అయిపోతుంది. తాతయ్య చెప్పలేదు. వెళ్ళి తన సీట్లో కూర్చున్నాడు. ఎవరో వచ్చి ఆయన భుజం ముట్టుకుని వెళ్ళారు.

రెండో సగంలో తుపాకి ఇంకోటి కొట్టాడు. డి బయట. తుపాకి కర్ర నేలకేసి కొట్టాడు, అంపైరు పచ్చ కార్డు చూపించి రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టాడు. ఆ రెండు నిమిషాల్లోనే రేవు జట్టు రెండో గోలు కొట్టింది. గట్టు మీద కూర్చుని తుపాకి మొహం చేతుల్లో దాచుకున్నాడు.

పది నిమిషాల ఆట మిగిలింది. తాతయ్య లేచాడు. ఆయన సీటు నుంచి మాస్టారి బెంచీకి ఎన్ని అంగలో ఎవరికీ తెలీదు. సున్నం డబ్బా పట్టాక ఆయన లెక్కపెట్టకుండా నడిచింది అదొక్కసారే.

"మాస్టారూ, వాడి తప్పు కాదు. మన డి పెద్దది. రెండంగలు పెద్దది. నా తాడు సాగింది."

"ఎండ తగిలిందా పెద్దాయన గారూ? నీళ్ళు తాగుతారా?"

"నీళ్ళు నీ నెత్తిన పోసుకో! రెండంగలు లోపలికెళ్ళి కొట్టమను!"

మాస్టారు ఆయన మొహం చూశాడు. అబద్ధమాడే మొహం కాదది. గట్టిగా అరిచాడు. "రెండంగలు లోపలికి! ప్రతివాడూ! రెండంగలు లోపలికెళ్ళాకే కొట్టండి!"

ఐదు నిమిషాలుండగా తుపాకి రెండంగలు ఎక్కువ పరిగెత్తి కొట్టాడు. వల అదిరింది. అంపైరు చెయ్యి సెంటరు వైపు చూపించింది. గోలు! తాతయ్య, మాస్టారు కావలించుకున్నారు. ఆ గోలు ఎవరి తప్పు వల్ల ఇంత ఆలస్యమైందో అంతలోనే గుర్తొచ్చి వదిలేశారు.

ఆఖరి నిమిషంలో తుపాకికి బంతి మళ్ళీ దొరికింది. ఎదురుగా గోల్‌కీపరు తప్ప ఎవరూ లేరు. గీత దగ్గరికి రాగానే వాడు బంతిని మానేసి నేలకేసి చూస్తూ, గట్టు దాకా వినపడేట్టు లెక్కపెట్టాడు. "ఒకటీ... రెం..." అనేలోపు వెనకనుంచి ఎవడో వచ్చి తాపీగా బంతి పట్టుకుపోయాడు. విజిలు మోగింది. రెండు ఒకటితో ఓడారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఈగ వాలితే వినపడేట్టుంది. సగం దారిలో తాతయ్య లేచి, కడ్డీ పట్టుకుని నిలబడి, అందరికీ వినపడేట్టు మొత్తం చెప్పాడు. తాడు సంగతి, దుప్పట్ల సంగతి, జెర్సీల సంగతి.

"అంటే మన జెర్సీల బరువుకే..." అంటూ బీరువా మధ్యలో ఆగిపోయాడు. అందరూ వాడి జెర్సీ వైపే చూస్తున్నారు. గుడారమంత ఉంటుందది.

తుపాకి నవ్వలేదు. "మూడు గోల్సు తాతా. మూడు. సగం ఆటలో చెప్పుంటే గెలిచేవాళ్ళం."

"తెలుసు."

"నీకెప్పుడు తెలిసింది?"

అక్కడ అబద్ధం చెప్పడం చాలా తేలిక. కాదనేవాళ్ళు లేరు, సాక్ష్యం చెప్పే లావుపాటి మనిషి పాతిక మైళ్ళ అవతలున్నాడు.

"సగం ఆటలోనే తెలిసింది," అన్నాడు తాతయ్య. "భయమేసింది. మిమ్మల్ని పిరికిపందలన్నానుగా, అది నేనే. రేపట్నుంచి గీతలు ఇంకెవరైనా గీసుకోండి."

తుపాకి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఇంటికి రాగానే అమ్మమ్మ మీద పడ్డాడు. "నీ దుప్పట్లే ముంచాయే! నీ బొంతలే!" అమ్మమ్మ అంతా విని, ఆయన రెక్క పట్టుకుని పక్కగోడ దగ్గరికి తీసుకెళ్ళింది. గోడ పొడుగునా వరసగా ఏడు మేకులు, ఒక్కోటీ ముందుదానికి కాస్త అవతల.

"లెక్కపెట్టండి. లెక్కలంటే ఇష్టంగా! మేకు కొట్టినప్పుడల్లా చెప్పాను తాడు జారిందని. చప్పుడు వినపడలేదా?"

తాతయ్య మొదటి మేకు నుంచి ఏడో మేకు దాకా నడిచాడు. రెండంగలు.

"గోడ జరిగిందేమో అనుకున్నాను," అన్నాడు నీళ్ళు నములుతూ.

"ఆహా. గోడ జరుగుతుంది, దుప్పటి సాగుతుంది, మీరు మాత్రం సరిగ్గా ఉంటారు."

ఆ తర్వాత మూడు శనివారాలు ఆయన గుమ్మం దాటలేదు. సున్నం డబ్బా తలుపు వెనక బోర్లా పడుంది. నాలుగో శనివారం తలుపు తట్టింది తుపాకి. చేతిలో మిల్లు వర్క్‌షాపు నుంచి తెచ్చిన ఇనప టేపుంది.

"డ్రిల్లు మాస్టారు డి గీశాడు, చూశావా తాతా?"

"లేదు."

"చూడకు. గుండె ఆగుతుంది. అది డి కాదు, కోడిగుడ్డు. చివర వంకర కూడా తిరిగింది."

తాతయ్య తలుపు వెనక డబ్బా వైపు చూశాడు. తను తప్పు గీస్తే గీశాడు కానీ, గుడ్డు మాత్రం ఏనాడూ గీయలేదు.

"నా మీద కోపం పోయిందా?"

"పోలేదు. వచ్చే సీజను దాకా ఉంటుంది. గీతకీ దానికీ ఏం సంబంధం? పద."

తాతయ్య తాడు చుట్టి అమ్మమ్మకి ఇచ్చాడు. "ఇంక ఏడు రోజులూ నీదే." అమ్మమ్మ తాడుని బిగలాగి చూసి, "ఇప్పుడా? సాగీ సాగీ సచ్చాక ఇస్తారు," అంది. తీసుకుంది మాత్రం. ఆ రోజే ఎనిమిదో మేకు కొట్టింది.

కొత్త సీజను మొదలైంది. టేపు పెట్టి గీసిన డి మీద మనవాళ్ళు సొంత గ్రౌండులో మూడు గోల్సు తేడాతో ఓడారు. తర్వాతి వారం బయట కూడా మూడు గోల్సు తేడాతో ఓడారు. డ్రిల్లు మాస్టారు నోటీసు బోర్డు మీద, జట్టుకి ఎట్టకేలకు నిలకడ వచ్చిందని రాసిపెట్టాడు.

మూడో మ్యాచి సొంత గ్రౌండులోనే. స్కోరు ఒకటీ ఒకటి. ఆట అయిపోవస్తుండగా తుపాకి పాత అలవాటు చొప్పున, పాత గీత ఉండే చోటినుంచే బలంగా కొట్టాడు. వల అదిరింది. అంపైరు చెయ్యి అడ్డంగా ఊపాడు. మిల్లు మిల్లంతా లేచి అంపైరు మీద విరుచుకుపడింది. ఆ గోలలో ఒక్క గొంతు వేరుగా వినపడింది.

"బయటే! అంగన్నర బయట! నేను గీశాను, నాకు తెలీదూ?"

తాతయ్య గట్టు మీద నిలబడి, సున్నం అంటిన చేతులు ఊపుతున్నాడు. పక్కవాళ్ళు చొక్కా పట్టుకుని కిందికి లాగుతున్నారు. తుపాకి నడుం మీద చెయ్యేసుకుని అటు తిరిగాడు.

"తాతా, నువ్వసలు ఎవరి పక్షం?"

"ముందు లోపలికి వెళ్ళి కొట్టరా, తర్వాత చెప్తా!"